పోటీ లేని ప్రభుత్వ గుత్తలు, ప్రజావిశ్వాసము

ప్రభుత్వము ఒక వస్తువును కొనదలచినప్పుడుగాని, ఒక కట్టడమును కట్టింపదలచినప్పుడుగాని, ఆ పనికి సమర్థులైన వారినందరిని బహిరంగముగా ఆహ్వానించి వారి ధరలను, యోగ్యతలను పోల్చి చూడక, తాను ఎంచుకొన్న ఒక్క వ్యక్తికో, ఒక్క సంస్థకో నేరుగా అప్పగించినచో దానిని పోటీ లేని గుత్త యందురు. తెలుగు జిల్లాల ఇంజనీరింగు కార్యాలయములలో దీనిని నామినేషన్ పని యనియు, కొనుగోలు శాఖలలో ఏక టెండరు అనియు వ్యవహరింతురు. ఇట్టి గుత్తల వలన ఖజానాకు కలుగు నష్టమును లెక్కకట్టుట ఆర్థికశాస్త్రజ్ఞుల పని. ఈ వ్యాసమునకు ముఖ్యమైనది వేరొకటి. ఇవి వెలుగులోనికి వచ్చినప్పుడు పాలకులయందు ప్రజలకు గల నమ్మకము ఏల చెదరుచున్నది, ఎట్టి సందర్భములలో చెదరక నిలుచుచున్నది అనునదే ఇచ్చటి ప్రశ్న. గడచిన నూరేండ్ల అనుభవమును పరిశీలించినచో, పోటీ లేకపోవుటను జనులు అనేక పర్యాయములు సహించిరనియు, అందుకు గల కారణమును ముందుగా వ్రాసి యుంచకపోవుటను, వ్రాసినను దాచిపెట్టుటను మాత్రము సహింపలేదనియు తేటపడును.

స్వరూపము

బహిరంగ టెండరు పద్ధతిలో అధికారులు ముందుగా పని అంచనా విలువను కట్టి ప్రకటన వెలువరింపగా, పోటీదారులు ధరావతు చెల్లించి, గడువు లోపల తమ ధరలను పూర్వకాలమున ముద్రవేసిన కవరులలోను, నేడు కంప్యూటరు ద్వారాను సమర్పింతురు. నిర్ణీత దినమున వానిని అందరి యెదుట విప్పి, అర్హులలో తక్కువ ధర కోరిన వారికి పని అప్పగింతురు. ఈ తతంగము కాలమును హరించునదే. కాని దీని ప్రయోజనము ధర తగ్గుటతోనే ముగియదు. ఓడిపోయిన గుత్తేదారు తాను ఎందుచేత ఓడిపోయెనో తెలిసికొనగలుగుటయు, గెలిచినవాడు మంత్రికి బంధువైనను ఆ బంధుత్వము వలన గెలువలేదని నిరూపింప వీలగుటయు, పన్ను చెల్లించు సామాన్యుడు కోరినచో ఆ లెక్కను తానే చూచుకొనగలుగుటయు ఈ పద్ధతికి ప్రాణము. నామినేషన్ పద్ధతిలో ఈ మూడును ఒక్కసారిగా లోపించును. వాని స్థానమున ఏదో యొకటి ఉంచనిచో అనుమానమే ఆ ఖాళీని నింపును.

పోటీని తప్పించుకొనుటకు నామినేషన్ ఉత్తరువే అక్కరలేదు. టెండరు పిలువవలసిన పరిమితికి లోబడునట్లు పెద్ద పనిని ముక్కలుగా విడగొట్టి ఆ ముక్కలను ఒక్కరికే కట్టబెట్టుట ప్రతి జిల్లాలోను వినవచ్చు ఆరోపణ. చిన్న గుత్తను పోటీలో ఇచ్చి, తరువాత అదనపు పనుల పేరిట దానిని పలురెట్లు పెంచుట మరొక మార్గము. ఒక్క సంస్థకు మాత్రమే అర్హత కలుగునట్లు నిబంధనలను వ్రాయుట, గడువును నాలుగు దినములకు కుదించుట, గుత్తేదారులు రింగు కట్టి వంతులవారీగా పనులు పంచుకొనుట మున్నగునవి కాగితముమీద పోటీగానే కనబడును. వీనికంటె నామినేషన్ గుత్తయే ఒక విధముగ నిజాయితీ గలదని చెప్పవచ్చును. ఏలయనగా పోటీ లేదను సంగతిని అది దాచదు.

పోటీ అసాధ్యమైన సందర్భములు నిజముగనే కలవు. భారత ప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 166వ నియమము ఏక టెండరును మూడు సందర్భములలో అనుమతించుచున్నది: ఆ వస్తువును తయారుచేయు సంస్థ ఒక్కటే యైనప్పుడు, అత్యవసర పరిస్థితిలో, కారణమును వ్రాసి పై అధికారి ఆమోదము పొందినప్పుడు, ఇదివరకే ఉన్న యంత్రములకు సరిపడు భాగములు కావలెనని నిపుణుడు చెప్పినప్పుడు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచివేసిన బుడమేరు గండ్లవంటివి పడినప్పుడు, నీరు ఇండ్లలో నిలిచియుండగా టెండరు ప్రకటనకు గడువు ఇచ్చి కూర్చుండు ఇంజనీరును ఎవరును మెచ్చరు. ప్రభుత్వ రంగ సంస్థలకు నేరుగా పని అప్పగించుటయు చిరకాలముగా ఆచారములో నున్నది. కావున మినహాయింపు ఉండుటయందు దోషము లేదు. అత్యవసరము అను మాట ఎవరి నోట, ఎప్పుడు, ఏ ఆధారముతో వెలువడెనో తెలియకపోవుటయందే దోషము.

పూర్వోదాహరణములు

అమెరికా చరిత్రలో ఈ విషయమున మొదట స్మరింపబడునది టీపాట్ డోం వ్యవహారము. నౌకాదళము కొరకు ప్రత్యేకించిన చమురు భూములు 1921లో అధ్యక్షుడు హార్డింగ్ ఉత్తరువుచే అంతరంగ శాఖ అధీనములోనికి రాగా, ఆ శాఖామాత్యుడు ఆల్బర్ట్ ఫాల్ 1922లో వయోమింగ్ రాష్ట్రములోని టీపాట్ డోం భూమిని హారీ సింక్లేరు కంపెనీకిని, కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్ భూమిని ఎడ్వర్డ్ డొహీనీ కంపెనీకిని వేలము లేకయే, రహస్యముగా కౌలుకిచ్చెను. డొహీనీ ఫాల్‌కు లక్ష డాలర్లు రొక్కముగ పంపిన సంగతి సెనేటర్ తామస్ వాల్ష్ జరిపిన విచారణలో బయటపడెను. 1927లో సుప్రీంకోర్టు కౌళ్ళను రద్దుచేసినది. 1929లో ఫాల్ లంచము పుచ్చుకొన్నట్లు రుజువై, తరువాత కారాగారమున కేగెను. అదే సొమ్మును లంచముగా ఇచ్చెనను నేరమునుండి డొహీనీ మాత్రము విముక్తుడయ్యెను. పుచ్చుకొనుట రుజువై ఇచ్చుట రుజువు కాని ఈ వైపరీత్యము, న్యాయస్థానపు తీర్పునకును ప్రజల మనస్సులోని తీర్పునకును గల దూరమును తెలుపుచున్నది.

స్వతంత్ర భారతమున మొట్టమొదట ఇట్టి కలకలము రేపినది జీపుల వ్యవహారము. కాశ్మీరు యుద్ధకాలమున, 1948లో, లండనులోని భారత హైకమిషనరు వి.కె. కృష్ణమేనన్ కొనుగోలు పద్ధతులను ప్రక్కకు నెట్టి ఒక విదేశీ సంస్థతో సుమారు 80 లక్షల రూపాయలకు ఒప్పందము కుదుర్చుకొనగా, అందులో అధికభాగము ముందే చెల్లించినను వచ్చినవి 155 జీపులు మాత్రమే. అవియు సైన్యమునకు పనికిరానివి. యుద్ధము జరుగుచుండెను, వాహనములు కావలసియుండెను, కనుక తొందర కృత్రిమము కాదు. కాని పార్లమెంటులో పదే పదే ప్రశ్నలు వచ్చినను ప్రభుత్వము 1955 సెప్టెంబరులో ఆ విషయమును ముగిసినదిగా ప్రకటించి, మరుసటి సంవత్సరమే మేనన్‌ను కేంద్ర మంత్రివర్గములో చేర్చుకొన్నది. మేనన్ స్వలాభము పొందెనని ఎవరును రుజువు చేయలేదు. ఆయన నిరాడంబర జీవనము ప్రసిద్ధము. ఐనను పూర్తి సమాధానము రాకమునుపే తలుపు మూసివేయుట వలన, ఏడు దశాబ్దములు గడచినను భారతదేశపు అవినీతి చరిత్రను వ్రాయువారు ఆ పుటతోనే మొదలుపెట్టుచున్నారు.

2003లో ఇరాకు యుద్ధమునకు ముందు అమెరికా సైనిక ఇంజనీర్ల దళము ఆ దేశపు చమురు బావుల పునరుద్ధరణ పనిని, 700 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితితో, హాలీబర్టన్ అనుబంధ సంస్థయైన కె.బి.ఆర్.కు పోటీ లేకయే ఇచ్చెను. ఉపాధ్యక్షుడు డిక్ చేనీ 1995 నుండి 2000 వరకు హాలీబర్టన్‌కు అధిపతిగ నుండెను. ఆ దళములో గుత్తల వ్యవహారమున అత్యున్నతాధికారిణియైన బనటీన్ గ్రీన్‌హౌస్, అత్యవసరమున ఒక్క సంవత్సరమునకు ఇచ్చిన నీయవచ్చును గాని అంతకు మించిన కాలము పోటీ లేకుండ ఇచ్చుట తగదను అభిప్రాయమును ఆ పత్రముమీదనే తన సంతకము ప్రక్కను స్వహస్తముతో వ్రాసి యుంచెను. 2005లో ఆమెను పదవినుండి తగ్గించిరి. 2011లో ప్రభుత్వము 9 లక్షల 70 వేల డాలర్లు చెల్లించి ఆమెతో రాజీ చేసికొన్నది. పనిని ఆపలేకపోయినను, భవిష్యత్తులో ప్రశ్నించువారికి ఆధారముగ మిగిలినవి ఆ చేతివ్రాత పంక్తులే. ప్రతి ప్రభుత్వ కార్యాలయమునందును ఫైలులో వ్యతిరేకాభిప్రాయము వ్రాయగల ఉద్యోగి ఒక్కరైన నుండుట ఎంత అవసరమో చూపుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు.

భారత న్యాయస్థానముల దృష్టి

ఈ విషయమున భారత సుప్రీంకోర్టు తీర్పులు ఒకదానికొకటి విరుద్ధములని తోచును గాని, నిదానముగ చదివినచో వానియందు ఒకే సూత్రము కనబడును. 1979లో రమణ దయారాం శెట్టి కేసులో, బొంబాయి విమానాశ్రయములోని ఉపాహారశాల గుత్తను గూర్చి తీర్పు చెప్పుచు న్యాయమూర్తి పి.ఎన్. భగవతి, ప్రభుత్వము తన చేతిలోని లాభములను ప్రైవేటు వ్యక్తివలె తన ఇష్టము వచ్చినవారికి పంచిపెట్టరాదనియు, అట్లు చేయుట రాజ్యాంగపు 14వ అధికరణము కల్పించిన సమానత్వమునకు భంగమనియు ప్రతిపాదించెను. మరుసటి యేడే కస్తూరి లాల్ కేసులో అదే న్యాయస్థానము, చొరరాని అడవులలో చెట్లబంక తీయు పనిని జమ్ము కాశ్మీరు ప్రభుత్వము టెండరు లేకయే ఒక సంస్థకిచ్చుటను సమర్థించెను; ఏలయన ఆ రాష్ట్రమున పరిశ్రమ నెలకొల్పవలెనను సహేతుకమైన ప్రయోజనము ఆ నిర్ణయమునందు కానవచ్చెను. 1987లో సచ్చిదానంద పాండే కేసులో, కలకత్తా జంతుప్రదర్శనశాల ప్రక్కనున్న భూమిని హోటలు కట్టుటకై వేలము వేయక ఇచ్చినప్పుడును, నిర్ణయము చాటున జరుగలేదు, కారణములు పత్రములలో నున్నవి యని కోర్టు జోక్యము చేసికొనలేదు.

దేశమును కుదిపిన రెండు కేసులు ఈ శతాబ్దమునకు చెందినవి. 2008 జనవరిలో టెలికాం శాఖ 2001 నాటి ధరలకే, ముందు వచ్చినవారికి ముందు అను నియమముతో, అదియును దరఖాస్తుల చివరి తేదీని వెనుకకు జరిపి, 2జి అనుమతులను పంచెను. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అంచనావేసిన గరిష్ఠ నష్టము 1.76 లక్షల కోట్ల రూపాయలు. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 అనుమతులను రద్దుచేసినది. అదే సంవత్సరము సెప్టెంబరులో రాష్ట్రపతి పంపిన ప్రశ్నకు సమాధానముగ, సహజ సంపదలను పంచుటకు వేలము ఒక్కటే రాజ్యాంగసమ్మతమైన మార్గము కాదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము స్పష్టముచేసినది. ఈ రెంటిని చూచి కోర్టు వెనుకకు తగ్గెనని కొందరు వ్రాసిరి, అది సరికాదు. మార్గమేదైనను సహేతుకమై, పారదర్శకమై యుండవలెనన్న మాటను న్యాయస్థానము విడువలేదు. 2014లో బొగ్గు గనుల కేసున ఆ మాటయే మరల పనిచేసెను. 1993 నుండి స్క్రీనింగు కమిటీ ద్వారా జరిగిన కేటాయింపులు ఏకరూపమైన కొలమానము లేక జరిగినవని తేల్చి, 218 గనులలో 214 గనుల కేటాయింపును ఆ సెప్టెంబరు 24న కోర్టు రద్దుచేసెను. ఈ కాలములో కేంద్రమున వేర్వేరు పక్షముల ప్రభుత్వములు పాలించినవన్నది గమనింపదగిన విషయము. దోషము పక్షముది కాదు, పద్ధతిది.

2జి వ్యవహారమునకు సంబంధించిన క్రిమినల్ కేసులో 2017 డిసెంబరు 21న ప్రత్యేక న్యాయస్థానము నిందితులనందరిని నిర్దోషులుగా విడిచిపెట్టినది. ఆ తీర్పుపై సి.బి.ఐ. అప్పీలు చేసినది. అనుమతులు చెల్లవనుట ఒకటి, వానినిచ్చినవారు లంచము తినిరనుట మరొకటి. ఈ భేదము న్యాయవాదులకు సులభముగ అర్థమగును. ఓటరునకు అంతటి ఓపిక నుండవలెనని కోరుట న్యాయముగ తోచదు. ఆతనికి కనబడినది, తన దేశపు సంపద ఏ కారణము చేత ఎవరికి పోయెనో చెప్పలేని ప్రభుత్వము మాత్రమే.

బ్రిటనులో 2020

పోటీ లేని గుత్తలకును ప్రజావిశ్వాసమునకును గల సంబంధమును అత్యంత విపులముగ పరిశీలించుటకు వీలైన ఉదాహరణము కోవిడ్ కాలపు బ్రిటను. 2020 మార్చి నాటికి ఆసుపత్రులలో మాస్కులు, గౌనులు, చేతొడుగులు తరిగిపోవుచుండగా, ప్రపంచమంతయు ఆ సరకుకై ఎగబడుచుండగా, టెండరు గడువులకు తావులేని మాట నిజము; అప్పటి చట్టముకూడ అత్యవసరమున నేరుగా కొనుటను అనుమతించెను. జాతీయ ఆడిట్ కార్యాలయపు నివేదిక ప్రకారము 2020 జూలై చివరి వరకు కుదిరిన కోవిడ్ గుత్తల విలువ 1,800 కోట్ల పౌండ్లు. అందులో 1,050 కోట్ల పౌండ్ల విలువగలవి పోటీ లేనివి.

ఇంతవరకు ప్రజలు సహించిరి. వారిని కలవరపెట్టినది మరియొకటి. సరఫరాచేయుదుమని వేలకొలది వచ్చిన విన్నపములలో మంత్రులు, పార్లమెంటు సభ్యులు, ప్రభువుల సభ సభ్యులు, ఉన్నతాధికారులు సిఫారసు చేసినవానిని విడదీసి, వానికొరకు ప్రభుత్వము వేరొక శీఘ్రమార్గమును ఏర్పరచెను. అట్టి మార్గమున్నదని ఇతరులకు తెలియదు. దానిలోనికి ఎవరి సిఫారసుచే ఎవరు వచ్చిరో అన్ని సందర్భములలో వ్రాసి యుంచలేదు. ఆడిట్ కార్యాలయము లెక్కించి చూడగా, ఆ మార్గమున వచ్చిన 493 మంది సరఫరాదారులలో 47 మందికి గుత్తలు లభించెను. సాధారణ మార్గమున వచ్చిన 14,892 మందిలో 104 మందికి లభించెను. అనగా సిఫారసు కలవారిలో పదిమందికి ఇంచుమించు ఒకరు, లేనివారిలో నూటికి ఒకరైనను కారు. ఈ ఒక్క పోలికయే ఆ ప్రభుత్వపు ప్రతిష్ఠకు జరిగిన నష్టమును వివరింప చాలును.

దాపరికము నష్టమును ఇనుమడింపజేసెను. గుత్త కుదిరిన 30 దినముల లోపల వివరములు ప్రకటింపవలెనన్న నియమమును ఆరోగ్యశాఖామంత్రి మాట్ హాంకాక్ పాటింపలేదని 2021 ఫిబ్రవరిలో హైకోర్టు తీర్పు చెప్పెను. శీఘ్రమార్గమున లాభపడిన సంస్థల పేర్లను ప్రభుత్వము ఆ యేడు నవంబరు వరకు వెల్లడింపలేదు. 2022 జనవరిలో గుడ్ లా ప్రాజెక్టు అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున, శీఘ్రమార్గము వలన కలిగిన ప్రాధాన్యము సమాన వ్యవహార ధర్మమునకు విరుద్ధమని న్యాయమూర్తి ఓఫారెల్ తీర్పునిచ్చెను. ఆ తీర్పులోనే మరొక విశేషము కలదు: వ్యాజ్యమునకు గురియైన, శీఘ్రమార్గమున వచ్చిన రెండు సంస్థలకును ఆ మార్గము లేకున్నను గుత్తలు చాలవరకు లభించియే యుండెడివని ఆమె అభిప్రాయపడెను. ఈ మాటను పత్రికలు అంతగా పట్టించుకొనలేదు గాని, నా దృష్టిలో ఆ వ్యవహారమంతటిలోను బాధాకరమైన భాగమిదే. అర్హత గల సంస్థయు, అర్హత లేని సంస్థయు ఒకే చాటుదారిన వచ్చుట చేత, జనులకు ఆ రెంటి నడుమ భేదమును తెలిసికొను వీలు లేకపోయెను. పబ్లిక్ ఫస్ట్ అను సంస్థకు టెండరు లేక ఇచ్చిన అభిప్రాయసేకరణ పనియు ఇట్టిదే; అందు పక్షపాతము కానవచ్చుచున్నదని 2021 జూన్‌లో హైకోర్టు చెప్పగా, 2022 జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. కొట్టివేసిన వార్తను చదివినవారు బహు కొద్దిమంది.

సరకు సంగతి చూచినను సంతోషింపదగినది కాదు. 2020–21లో రక్షణ సామగ్రికై వెచ్చించిన 1,210 కోట్ల పౌండ్లలో 870 కోట్ల పౌండ్ల విలువను ఆరోగ్యశాఖ తన లెక్కలలో కొట్టివేసికొన్నది. కొంత విలువ ప్రపంచ విపణిలో ధరలు పడిపోవుట వలనను, కొంత సరకు పనికిరాకపోవుట వలనను నశించెను. ప్రభువుల సభ సభ్యురాలొకరు సిఫారసు చేసిన పి.పి.ఇ. మెడ్‌ప్రో అను సంస్థకు 20 కోట్ల పౌండ్లకు మించిన గుత్తలు లభించెను. ఆ సంస్థ సరఫరాచేసిన గౌనులు క్రిమిరహితములని నిరూపింపబడనందున సుమారు 12.2 కోట్ల పౌండ్లు తిరిగి చెల్లింపవలెనని 2025 అక్టోబరు 1న హైకోర్టు ఆదేశించెను. గుత్త కుదిరినది 2020లో; తీర్పు వచ్చినది ఐదేండ్లకు.

బ్రిటిషు సామాజిక దృక్పథముల సర్వే 2024లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఏ పక్షపు ప్రభుత్వమైనను తన పక్ష ప్రయోజనముకంటె దేశ ప్రయోజనమును ముందుంచునని దాదాపు ఎన్నడును నమ్మమన్నవారు నూటికి 45 మంది. మహమ్మారి ఉద్ధృతముగ నున్న 2020 నాటికంటె ఇది 22 పాళ్ళు ఎక్కువ. ఈ పతనమునకు గుత్తలే కారణమనుట సాహసమగును. లాక్‌డౌన్ వేళ ప్రధాని కార్యాలయములో జరిగిన విందులు, ధరల పెరుగుదల, ఆసుపత్రులలో నిరీక్షణ మున్నగునవన్నియు అందు కలసియున్నవి. అయినను సంకటకాలమున ప్రభుత్వమునకు జనులిచ్చిన గౌరవము అటుతరువాత ఇంతగా తరిగిపోవుటలో చాటుదారికి పాత్ర లేదనుటయు అసత్యమే యగును.

తెలుగునాట

తెలుగు ప్రాంతములలో ఒకప్పుడు టెండరు పద్ధతియే నామినేషన్‌కు మారురూపమై యుండెను. టెండరు ఫారములు కార్యాలయములో దొరకకుండ చేయుట, దొరికినవాడు పెట్టెలో కవరు వేయకుండ మనుషులను కాపలా నిలుపుట, రింగు కట్టినవారు తమలో ఒకరికి పని వదలుకొని తక్కినవారు పైకము పంచుకొనుట సర్వవిదితములు. దీనికి విరుగుడుగ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లో ప్రారంభించిన ఎలక్ట్రానిక్ టెండరు విధానము దేశములో తొలి ప్రయత్నములలో నొకటి. టెండరు పెట్టెయే లేనప్పుడు దానికి కాపలా ఉండు వారికి పనిలేకపోయెను. దూరప్రాంతపు గుత్తేదారుకూడ తన యింటినుండియే ధర వేయగలిగెను. ఇది నిజమైన సంస్కరణము. అయితే కంప్యూటరు దారి వచ్చిన పిదపకూడ నిబంధనలను బిగించి పోటీదారులను తగ్గించు మార్గము మూతపడలేదు.

పోలవరము ప్రాజెక్టు చరిత్ర ఈ చిక్కులన్నిటికిని కూడలి. 2018లో అచ్చటి పనులలో కొంత భాగమును మునుపటి గుత్తేదారునుండి తొలగించి, పాత ధరలకే చేయునను అంగీకారముపై మరియొక సంస్థకు టెండరు పిలువక అప్పగించిరి. 2019లో ప్రభుత్వము మారగానే ఆ యేర్పాటును తప్పుపట్టి, పాత ధరకంటె తక్కువకు పోటీ కోరు రివర్స్ టెండరు పిలువగా అంచనాకు 12.6 శాతము తక్కువ ధర వచ్చెను; కాని ఆ టెండరునకు ముందుకు వచ్చినది ఒక్క సంస్థయే. మొదటి ప్రభుత్వము జాప్యమును కారణముగ చెప్పెను, రెండవ ప్రభుత్వము ఆదాను కారణముగ చెప్పెను, ఒకరి కారణమును ఒకరు నమ్మలేదు, ప్రజలు ఎవరి పక్షము వారు నమ్మిరి. ఆ 2019లోనే 100 కోట్ల రూపాయలు, అంతకు మించిన మౌలిక నిర్మాణముల టెండరు పత్రములను ముందుగనే ఒక న్యాయమూర్తి పరిశీలింపవలెనను చట్టము వచ్చెను. ఆలోచనగ అది మెచ్చదగినది, ఏలయనగా పని ముగిసిన తరువాతి విచారణకంటె పనికి ముందటి పరిశీలన వేయిరెట్లు మేలు. రివర్స్ టెండరు విధానమును 2024లో వచ్చిన ప్రభుత్వము విడిచిపెట్టినది.

తెలంగాణమున మణుగూరులోని 1,080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రమును, దామరచర్లలోని 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రమును నామినేషన్ పద్ధతిపై కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థయైన భెల్‌కు అప్పగించిరి. కొత్త రాష్ట్రమునకు కరెంటు త్వరగా కావలెననియు, అప్పగించినది ప్రభుత్వ సంస్థకే కదా అనియు ఆనాటి పాలకుల వాదము. 2024 మార్చిలో తరువాతి ప్రభుత్వము దీనిపై విచారణ సంఘమును నియమించెను. సంఘమునకు అధ్యక్షుడైన మాజీ న్యాయమూర్తి పత్రికలవారితో మాటలాడుటపై అభ్యంతరము సుప్రీంకోర్టువరకు పోగా, ఆయన స్థానమున జస్టిస్ మదన్ లోకూర్ వచ్చెను. ఎవరి వాదము సరియైనదో నిర్ణయించుట ఈ వ్యాసపు పని కాదు. నామినేషన్ ఉత్తరువు వెలువడిన దినముననే దాని కారణములు, ఇతర సంస్థల ధరలతో పోలిక, వ్యతిరేకముగ వ్రాసిన అధికారి మాటతో సహా ప్రజలకు అందుబాటులో నుంచియుండినచో, దాదాపు దశాబ్దము గడచిన పిదప విచారణ సంఘముల ద్వారా వానిని వెదుకవలసిన అగత్యము ఉండెడిది కాదు.

విశ్వాసము చెదరు తీరు

మన పల్లెలలో ఎవరొచ్చినా అంతే అను మాట తరచుగ వినబడును. ఈ మాటలో ఒక వ్యక్తిపై కోపము లేదు. రాజకీయ వ్యవస్థనుండియే ఆశ వదలుకొనుట ఉన్నది. పోటీ లేని గుత్త ఈ నిరాశకు ప్రత్యేకముగ దోహదము చేయుటకు కారణము, దానియందు లాభపడినవానికిని నిర్ణయించినవానికిని గల సామీప్యము కంటికి కనబడునదగుటయే. ప్రజాప్రాతినిధ్య చట్టములోని 9ఎ సెక్షను ప్రభుత్వముతో గుత్త కలిగియున్న వ్యక్తి చట్టసభలలో సభ్యుడగుటకు అనర్హుడని చెప్పుచున్నది. కాని కంపెనీ పేరిట తీసికొన్న గుత్తకు ఆ కంపెనీలో వాటా కలవాడు సామాన్యముగ దీని పరిధిలోనికి రాడు. గుత్తేదారులు ఎన్నికలలో నిలుచుటయు, నిలిచినవారికి గుత్తేదారులు పెట్టుబడి పెట్టుటయు సామాన్యమైన ప్రాంతములలో, టెండరు లేని ఉత్తరువును చూచిన ఓటరు ముందుగ బంధుత్వమును వెదకినచో ఆతనిని తప్పుపట్టరాదు.

అనుమానము మితిమీరినప్పుడు వేరొక హాని కలుగును. ఆడిట్ ఆక్షేపణలకును, దర్యాప్తులకును వెరచిన ఉద్యోగులు నాణ్యతను విస్మరించి తక్కువ ధరవానికే కండ్లు మూసికొని పని ఇత్తురు, లేదా ఫైలును కదపక ఊరకుందురు. ఈ భయమును తగ్గించుటకై 2018లో అవినీతి నిరోధక చట్టమును సవరించి, స్వలాభాపేక్ష లేని నిర్ణయపు పొరపాటును నేరముగ పరిగణించు నిబంధనను తొలగించిరి. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖ ధరతోపాటు నాణ్యతకును మార్కులు వేసి గుత్తేదారును ఎన్నుకొను వీలును విస్తరించెను. నిజాయితీ గల ఉద్యోగికి రక్షణ కలిగించుట ప్రజావిశ్వాసమునకు వ్యతిరేకము కాదు. అయితే ఆ రక్షణ ఆతడు వ్రాసిన కారణములకు దక్కవలెను గాని, వ్రాయని కారణములకు కాదు.

ప్రకటన

ఉక్రెయిన్ దేశము 2016లో ప్రోజోరో అను బహిరంగ కొనుగోలు వ్యవస్థను ప్రభుత్వ సంస్థలన్నిటికిని తప్పనిసరి చేసి పేరుగాంచెను. 2022లో యుద్ధము రాగా సైనిక కొనుగోళ్ళు చాటునకు పోవలసివచ్చెను. 2023 జనవరిలో రక్షణశాఖ సైనికుల ఆహారమునకై కోడిగ్రుడ్లను అంగడి ధరకు రెట్టింపునకు మించిన వెలతో కొనుచున్నదని ఒక పత్రిక బయటపెట్టగా, ఉపమంత్రి రాజీనామా చేసెను. యుద్ధము మధ్యనే, మరుసటి నెలలో, రహస్యము కాని సైనిక సరకుల ధరలను ప్రకటింపవలెనను చట్టమును పార్లమెంటు ఆమోదించెను. ప్రాణసంకటమున నున్న దేశమే ధరలను ప్రకటింపగలిగినప్పుడు, శాంతికాలపు ప్రభుత్వములు తొందరను సాకుగ చూపుట నిలువదు. బ్రిటను 2023లో చేసిన కొత్త కొనుగోలు చట్టము 2025 ఫిబ్రవరిలో అమలులోనికి వచ్చినది. పోటీ లేక గుత్తనీయదలచినచో ఇచ్చుటకు ముందే కారణసహితముగ ప్రకటన వెలువరింపవలెనని అది విధించుచున్నది.

భారతదేశమున ఇట్టి ఏర్పాటు కొంత కలదు. సంతానం కమిటీ సిఫారసుపై 1964లో ఏర్పడిన కేంద్ర విజిలెన్స్ కమిషన్, 2007 జూలైలో పంపిన ఉత్తరువున, నామినేషన్ పనులనన్నిటిని సంస్థ పాలకమండలి దృష్టికి తేవలెననియు, వానిలో కనీసము పదింట ఒక వంతును ఆడిట్ సంఘము పరీక్షింపవలెననియు ఆదేశించినది. కాని ఈ ఆదేశము కేంద్ర ప్రభుత్వ సంస్థలకే గాని రాష్ట్రములలోని పంచాయతీ, నీటిపారుదల, రహదారుల శాఖలకు వర్తింపదు. అచ్చట సామాన్యునకు మిగిలిన సాధనము 2005 సమాచార హక్కు చట్టము. ఆంధ్రప్రదేశ్ నియమముల ప్రకారము దరఖాస్తు రుసుము గ్రామస్థాయిలో లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఇతర కార్యాలయములలో 10 రూపాయలు. సమాధానమునకు గడువు 30 దినములు. గండి పూడ్చు పనియో, వరద కట్ట మరమ్మతో ఆ ముప్పది దినములలో ముగిసి, కొలతల పుస్తకము నిండి, బిల్లుకూడ చెల్లిపోవుట కలదు. ఎవరును అడుగకమునుపే సమాచారమును తనంతట తాను ప్రకటింపవలెనని ఆ చట్టములోని 4వ సెక్షను ప్రతి కార్యాలయమునకును విధించుచున్నది; నామినేషన్ ఉత్తరువును, దాని కారణమును, సిఫారసు చేసినవారి పేరును ఆ సెక్షను క్రింద ఉత్తరువు దినముననే కార్యాలయపు నోటీసు పలకపైనను వెబ్‌సైటులోను ఉంచుటకు కొత్త చట్టమేదియు అక్కరలేదు.